ఇంటికి కట్టిన ఎర్రచీటీలు

ఫ్యాక్టరీల భద్రత ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే ఆ చుట్టుపక్కల మేనేజర్లందరికీ చలిజ్వరం పట్టుకునేది. అంతవరకూ మూల పడి ఉన్న నిప్పార్పే సిలిండర్లు లేచి గోడలెక్కేవి. మెట్లకు అడ్డంగా పేర్చిన అట్టపెట్టెలు మాయమయ్యేవి. ఎన్ని చేసినా ఆయన ఏదో ఒకటి పట్టుకునేవాడు. పట్టుకున్న చోటల్లా జేబులోంచి ఒక ఎర్రచీటీ తీసి, దాని కొసకున్న ఇత్తడి రింగులో పురికొస దూర్చి, ఆ యంత్రానికి కట్టేసేవాడు. చీటీ కట్టిన యంత్రాన్ని బాగుచేసేదాకా ఎవరూ ముట్టుకోకూడదు, దాన్ని విప్పే హక్కు కట్టినవాడిదే. అందుకని తల్లిదండ్రులు పెట్టిన పేరు జనం మరిచిపోయి ఆయన్ని ఎర్రచీటీ అనే పిలిచేవారు. వెళ్ళిన మొదటిసారే అంతా బాగుందని సంతకం పెట్టిన పాపాన ఆయన ఎన్నడూ పోలేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మన ఎర్రచీటీ ముందు రచ్చ గెలిచేసి, ఇంటిని తర్వాత చూసుకుందాంలే అని వదిలేశాడు. ఆ తర్వాత రానే వచ్చింది.

ఆయన భార్య సిటీ బస్సు డ్రైవరు. డిపోలో అందరూ ఆమెను డ్రైవరమ్మ అనేవారు. కాన్పు సెలవు సోమవారంతో అయిపోతోంది. ఆ పొద్దున ఆమె సీట్లో కూర్చోకపోతే ఆమె రూటు ఇంకొకరికి ఇచ్చేస్తామనీ, ఆపైన ఖాళీ బస్సుల్ని కడిగే షెడ్డుకు తోలుకోవలసిందేననీ డిపో మేనేజరు ముందే చెప్పేశాడు. ఆ రూటంటే ఆమెకు ప్రాణం. ఏ మలుపులో గుంట ఉందో, ఏ స్టాపులో ముసలాయన చెయ్యెత్తడానికి బద్ధకించి కళ్ళతోనే ఆపమంటాడో అన్నీ కంఠతా వచ్చు. ఇంట్లో కూర్చున్న ఇన్ని నెలలూ కిటికీ కింద బస్సు వెళ్తుంటే శబ్దం విని, ఇది నా బండే, క్లచ్చు పాడుచేస్తున్నారు వెధవలు, అని బాధపడేది.

వెళ్ళాలని ఉంది, కానీ కాలు కదలడం లేదు. కారణం కూతురు. కూర్చోవడం వచ్చిందో లేదో పాకడం మొదలుపెట్టిన ఆ పిల్ల ఒకచోట ఆగిన క్షణం లేదు. గుమ్మంలో కనబడ్డది కనుమూసి తెరిచేలోగా వంటింట్లో తేలేది. తల్లి దానికి నాన్‌స్టాప్ అని పేరు పెట్టింది. డ్రైవరమ్మ లేనప్పుడు నాన్‌స్టాప్‌ను చూసుకోవడానికి ఆమె తల్లి, అంటే ఎర్రచీటీకి అత్తగారు, పెద్ద భుజంసంచి ఒకటి తగిలించుకుని దిగింది. ఆ సంచిలో బీపీ మాత్రలు, గుండీలు, పిన్నీసులు, దగ్గుబిళ్ళలు, చిల్లర, ఇంకా ఆవిడకే తెలియనివి ఎన్నో ఉండేవి. అది సంచి కాదు, చిన్నసైజు కిరాణా కొట్టు.

శుక్రవారం సాయంత్రం డ్రైవరమ్మ భర్తను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఇల్లు భద్రంగా ఉందని మీరు చెప్తేనే నేను బస్సెక్కుతాను. ఇంకెవరు చెప్పినా నమ్మను. చెప్పలేకపోతే ఆ రూటు ఎవరికిచ్చుకుంటారో ఇచ్చుకోమనండి" అంది.

ఎర్రచీటీకి ఛాతీ రెండంగుళాలు పొంగింది. ఇన్నాళ్ళకు తన విద్య ఇంటికి పనికొచ్చింది. తెల్లారి శనివారం, టిఫిను కూడా తినకుండా జేబునిండా చీటీలు కుక్కుకుని రంగంలోకి దిగాడు. దిగడమంటే నిజంగానే దిగాడు. చూసేవాడి ఎత్తునుంచి కాక దెబ్బ తగిలేవాడి ఎత్తునుంచి చూడాలన్నది ఆయన వృత్తిలో మొదటి పాఠం. అందుకని రెండు చేతులూ రెండు మోకాళ్ళూ నేలకు ఆనించి, ఇంటిని పిల్ల కళ్ళతో చూడటం మొదలుపెట్టాడు.

నాన్‌స్టాప్ ఆనందానికి హద్దులు లేవు. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో పాకేది తనొక్కతే అనుకుంది పాపం. ఇప్పుడు తన జాతి మనిషి ఒకాయన దొరికాడు, పైగా పరిచయస్తుడు. ఆయన సోఫా కిందకి దూరితే అదీ దూరేది. ఆయన బల్ల చుట్టూ తిరిగితే ఎదురొచ్చి ముక్కుతో ముక్కు గుద్దేది. ఒకచోట ఆయన తల బల్ల అంచుకు ఠంగుమని తగిలితే, అది తన కోసమే చేశాడనుకుని మళ్ళీ కొట్టుకోమన్నట్టు చప్పట్లు చరిచింది.

కిందనుంచి చూస్తే ఇల్లు ఇల్లులా లేదు. బల్ల మీది గుడ్డ అంచు రారమ్మని వేలాడుతోంది, దాని పైన పొగలు కక్కే టీ కెటిలు. ఇస్త్రీపెట్టె వైరు పాములా గోడవెంట జారింది. స్నానాలగదిలో బకెట్టు సగం నీళ్ళతో నోరు తెరుచుకుని ఉంది. వంటింటి కింది అరలో, గచ్చు కడిగే ద్రావకం పాత షర్బతు సీసాలో పోసి ఉంది. అది ఎవరు పోశారని అడగబోయి, పోసింది తనేనని గుర్తొచ్చి ఊరుకున్నాడు. అన్నిటికీ చీటీలు కట్టాడు. ప్రమాదం ఎక్కడుందో అక్కడే కట్టాలి గనక, అన్నీ మోకాలి ఎత్తులోనే కట్టాడు. మధ్యాహ్నానికి ఇల్లు సర్కసు డేరాలా తయారైంది.

చీటీ కట్టినదాన్ని ఎవరూ ముట్టుకోకూడదు కదా. కెటిలుకు చీటీ ఉంది గనక సాయంత్రం టీ లేదు. బకెట్టుకు చీటీ ఉంది గనక స్నానాలు లేవు. డ్రైవరమ్మ యూనిఫారం ఇస్త్రీ చేసుకుందామంటే ఇస్త్రీపెట్టె మరమ్మతులో ఉంది. టీ లేకపోతే అత్తగారికి ప్రపంచంలో ఎవరి మొహమూ నచ్చదు, అల్లుడి మొహం అసలే నచ్చదు. నలుగుర్ని పెంచాననీ, ఒక్కళ్ళకీ ఒక్క చీటీ కట్టలేదనీ, నలుగురూ నిక్షేపంగా ఉన్నారనీ ఆవిడ గోడతో చెబుతున్నట్టు చెప్పింది.

ఎర్రచీటీ ఊరుకుంటే బాగుండేది. కానీ ఉద్యోగపు అలవాటు నోటిమీద కూర్చుని ఉంది.

"అది అదృష్టమండీ" అన్నాడు.

ప్రమాదం జరగని ఫ్యాక్టరీ మేనేజర్లందరికీ ఆయన చెప్పే మాటే అది. అత్తగారు మేనేజరు కాదు. ఆవిడ వెళ్ళి వాలుకుర్చీలో పడుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. చూస్తుండగానే గురక కూడా అందుకుంది. అప్పుడు మన ఇన్‌స్పెక్టరు పిల్లిలా వెళ్ళి, పిల్లకు అందే ఎత్తులో మాత్రలూ పిన్నీసులూ మోస్తున్న ఆ సంచికి, కుర్చీలో మనిషి ఉండగానే, ఒక చీటీ కట్టి వచ్చాడు.

ఆవిడ లేచి చూసుకుంది. సంచి భుజానికి తగిలించి ఉంది, చీటీ సంచికి తగిలించి ఉంది, కాబట్టి చీటీ ఎవరికి కట్టినట్టు? అరికాలి మంట నెత్తికెక్కింది. మరమ్మతయ్యేదాకా తనను ఎవరూ వాడకూడదన్నమాట, సరే, వాడుకోనక్కర్లేదు, ఆదివారం మధ్యాహ్నం చిన్నకొడుకు ఇంటికి వెళ్ళిపోతున్నానని ప్రకటించింది. సంచికి కట్టిన చీటీ విప్పమంటే మాత్రం విప్పదట. కట్టినవాళ్ళే విప్పాలిగా, రూలు రూలే, అంది. డ్రైవరమ్మ అటు తల్లినీ ఇటు మొగుణ్ణీ బతిమాలింది. సంచిలో మాత్రలున్నంతకాలం విప్పేది లేదని మొగుడు, విప్పి కాళ్ళావేళ్ళా పడితే తప్ప ఉండేది లేదని తల్లి. ఇద్దరిలో ఎవరు పెద్ద మొండి అని తేల్చడానికి ఇంకో ఇన్‌స్పెక్టరు రావాలి. తల్లి వెళ్ళిపోతే సోమవారం పిల్లను చూసే దిక్కు లేదు. రూటు పోయినట్టేనని డ్రైవరమ్మ మంచమెక్కింది.

ఆదివారం పొద్దున నాన్‌స్టాప్ నిద్రలేచి లోకాన్ని చూసింది.

నిన్నటిదాకా దానికి ఇంట్లో ప్రత్యేకమైన పని అంటూ లేదు. ఎటు తోస్తే అటు పోయేది. ఇస్త్రీపెట్టె వైరు అనే పదార్థం ఉందని దానికి తెలియదు. బకెట్టు వైపు ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు ప్రతి మూలా, సరిగ్గా తన ముక్కు ఎత్తున, ఎర్రగా మెరుస్తూ గాలికి ఊగుతూ ఏవో పిలుస్తున్నాయి. అది కేరింతలు కొడుతూ బయల్దేరింది. ముందు బల్లగుడ్డ దగ్గర ఆగింది. తర్వాత వంటింటి అర. తర్వాత స్నానాలగది గుమ్మం. నాన్‌స్టాప్ కాస్తా ఒక్కరాత్రిలో ఆర్డినరీ అయిపోయి, ప్రతి స్టాపులోనూ ఆగుతోంది.

ఎర్రచీటీ మొహానికి సబ్బు నురగ పూసుకుని గడ్డం గీసుకుంటున్నాడు. డ్రైవరమ్మ కూతుర్ని వెనకనుంచి ఎత్తుకుని ఆయన అద్దం ముందుకు వచ్చి నిలబడింది.

"ఎర్రరంగు చూసి ఆగాలని దానికి ఎలా తెలుస్తుందండీ? ఇంకా లైసెన్సు రాలేదుగా" అంది.

ఆయన చేతిలో బ్లేడు అలాగే ఆగింది. పప్పులో కాలేయడం అందరూ చేసేదే. ఈయన పప్పుగిన్నెలో కూర్చుని అందరినీ పిలిచి చూపించాడు. ఇంట్లో ఉన్న ప్రతి ప్రమాదానికీ బోర్డు పెట్టి, దారి చూపించి, రంగు పూసి మరీ కూతురికి అప్పజెప్పాడు. ఆయన కడుపులోంచి ఒక పిచ్చినవ్వు పుట్టింది. భార్యా నవ్వింది. నవ్వుతూనే ఆయన నేలమీదకి దిగి చీటీలు విప్పడం మొదలుపెట్టాడు.

ఇస్త్రీపెట్టె దగ్గరకొచ్చేసరికి అక్కడ పురికొస మాత్రమే వేలాడుతోంది. డ్రైవరమ్మ కూతురి నోట్లోకి చూసింది. పెదవులు ఎర్రగా ఉన్నాయి. నాలుకమీద నానిన కాగితపు ముద్ద ఒకటి పైకి తేలి ఉంది. అందేలా ఉంది గనక దాన్ని తీసేసింది. ముద్దను విప్పి చూసింది. కాగితం ఉంది, రింగు లేదు.

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. సంచి సర్దుకుంటున్న అత్తగారు ఆ నిశ్శబ్దం విని బయటికొచ్చింది. సంగతి వినగానే పిల్ల నోట్లోకి వేలు పోనివ్వబోయింది. ఎర్రచీటీ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"వేలు పెట్టకండి అత్తయ్యా. కనబడనిదాన్ని వెతికితే ఇంకా లోపలికి పోతుంది."

పిల్ల దగ్గడం లేదు, ఊపిరి బాగానే ఆడుతోంది, రంగు మారలేదు. పైగా ఇంతమంది తన నోట్లోకి చూస్తున్నందుకు గర్వపడుతూ ఒకటే ఊసులు చెబుతోంది. డ్రైవరమ్మ రెండు వీధుల అవతలున్న పిల్లల డాక్టరమ్మకు ఫోను చేసింది. మిగతా ఇద్దరూ ఆమె మాట్లాడే ఆ రెండు నిమిషాల్లోనే రింగు దొరుకుతుందేమోనని నేలమీద పడ్డారు. మెట్టు దిగాలంటేనే మోకాళ్ళను తిట్టుకునే అత్తగారు ఎలా దిగిందో ఏమో, మంచం కిందకి తలపెట్టి పాకుతోంది. మంచంకోడు పక్కన తెల్లగా ఏదో కనబడితే తీసింది. రింగు కాదు. చేతిలోకి తీసుకుని చూసి, పిడికిలి మూసుకుంది. ఆవిడ మొహం అంతలా పాలిపోవడం ఎవరూ చూడలేదు, చూసే తీరిక ఎవరికీ లేదు.

ఏమీ తినిపించకుండా వెంటనే తీసుకురమ్మంది డాక్టరమ్మ. పరుగెత్తారు. ముందు పిల్లను ఎత్తుకుని డ్రైవరమ్మ, జీవితంలో మొదటిసారి బస్సుకన్నా వేగంగా పోతోంది. వెనక సగం మొహం నురగతో, పైజామాతో ఎర్రచీటీ. ఆ వెనక ఒక చేతి పిడికిలి బిగించి, భుజాన చీటీ కట్టిన సంచి ఊగుతుండగా అత్తగారు. వీధిలో జనం దారిచ్చారు, ఎందుకో తెలియకపోయినా ఇవ్వాలనిపించింది వాళ్ళకి. తల్లి భుజంమీదుగా వెనక్కి చూస్తున్న నాన్‌స్టాప్ మాత్రం, ఇంత మంచి ఆదివారం తన ఎరుకలో లేదన్నట్టు పకపకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు ఆగితే తను బతకడని వెనక పరుగెత్తుతున్న తండ్రికి స్పష్టంగా తెలిసింది.

డాక్టరమ్మ నిదానమైన మనిషి. గొంతు చూసింది, ఛాతీమీద గొట్టం పెట్టి విన్నది, మెడనుంచి పొట్టదాకా ఎక్స్‌రే తీయించింది. ఫిలిం వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసి, లోపల ఏమీ లేదని చెప్పింది. ముగ్గురూ ఒకేసారి కుర్చీల్లో కూలబడ్డారు.

అయితే రింగేదని డ్రైవరమ్మ అడుగుతుండగానే నాన్‌స్టాప్ ఆమె ఒళ్ళోంచి ముందుకు దూకింది. తండ్రి మోకాలి దగ్గర, పైజామా నూలులో చిక్కుకుని, ఇత్తడి రింగు తళతళలాడుతోంది. ఇల్లంతా పాకుతూ వెతికినంతసేపూ ఆయన దాన్ని మోకాలికింద పెట్టుకునే తిరిగాడన్నమాట. ముగ్గురు పెద్దవాళ్ళకు కనబడనిది పిల్లకు ఒక్క చూపులో కనబడింది. పీకింది. నోటిదాకా తీసుకెళ్ళింది. ఈ లోకంలో పిల్లలకన్నా వేగంగా కదిలేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళు పిల్లల డాక్టర్లే. ఆవిడ చెయ్యి మధ్యలో అడ్డుపడి రింగును లాక్కుంది.

అందరికంటే ముందు అత్తగారికి నవ్వొచ్చింది. అల్లుడి మోకాలినీ, ఎండిపోయిన నురగనూ చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. కూతురూ నవ్వింది, డాక్టరమ్మా నవ్వింది, ఎర్రచీటీ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. కాసేపటికి చూస్తే అత్తగారు నవ్వడం లేదు, ఏడుస్తోంది. పిడికిలి విప్పి చూపించింది. చెమటకు సగం కరిగిన తెల్లటి మాత్ర.

"ఇది మంచం కింద దొరికిందమ్మా. నా బీపీ మాత్ర. వేసుకున్నాననే అనుకున్నాను" అంది.

డాక్టరమ్మ నవ్వాపేసింది. రింగు మింగినా చాలావరకూ దానంతటదే బయటికొచ్చేదనీ, ఆ మాత్ర ఒక్కటి మింగినా ఇంత పిల్ల ప్రాణంమీదకి వచ్చేదనీ దాచకుండా చెప్పింది. తీసెయ్యగలిగినవి తీసెయ్యమంది, ఎత్తున పెట్టి తాళం వెయ్యగలిగినవి వెయ్యమంది. ఆ రెండూ చేశాక కూడా ఒక మనిషి కన్ను పిల్లమీద ఉండాలంది. రేపటినుంచి ఆ కన్ను ఎవరిదని అడిగింది.

దారిలో అత్తగారు అల్లుడి పక్కన నడిచింది.

"నిన్న అదృష్టమన్నారు చూడండి బాబూ, అది నిజమే" అంది.

ఎర్రచీటీ నడక ఆపి, వంగి, ఆవిడ సంచికి కట్టిన చీటీ ముడి విప్పాడు.

"అదృష్టం నలుగురికి సరిపోదండీ. ఇద్దరికో ముగ్గురికో వస్తుంది. మిగతాది మీరే" అన్నాడు.

ఆవిడ ముక్కు చీదుకుని, మధ్యాహ్నం ప్రయాణం సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఇంటికి రాగానే కెటిలు పెట్టింది. టీ తాగాక ఇద్దరూ కలిసి నేలమీదకి దిగారు. ప్రమాదం ఎక్కడుందో అల్లుడికి తెలుసు, పిల్ల ఎక్కడికి పోతుందో అత్తగారికి తెలుసు. బల్లగుడ్డ తీసి మడతపెట్టేశారు. ద్రావకం ఒలకబోసి సీసా పారేశారు. బకెట్టు వంపేసి బోర్లించారు. సంచి ఎత్తైన కొక్కేనికి వేలాడింది, మాత్రలు తాళమున్న అలమారలోకి వెళ్ళాయి. ముందుగది కిటికీ మరీ కిందకి ఉందని ఆవిడంటే, కింద దుకాణంలో డ్రిల్లు అడిగి తెచ్చి, చీకటి పడకముందే దానికి ఇనుప ఊచలు బిగించాడు. మధ్యమధ్య ఇద్దరూ బల్లకింద ఎదురుపడి, పాకుతూనే ఒకరికొకరు దారిచ్చుకున్నారు. నాన్‌స్టాప్‌కు ఇప్పుడు జట్టులో ఇద్దరయ్యారు. అది అటూ ఇటూ పాకి ఇద్దరినీ పర్యవేక్షించింది.

సాయంత్రం డ్రైవరమ్మ యూనిఫారం ఇస్త్రీ చేసింది. చేసి, మడతపెట్టి, బీరువాలో అట్టడుగున పెట్టేసింది. ఎర్రచీటీ అది చూశాడు.

"చెప్పండి. ఇప్పుడు ఇల్లు భద్రమేనా? సంతకం పెడతారా?" అని అడిగింది ఆమె.

ఆయన గదంతా కలియజూశాడు. ఒక్క అబద్ధం చెబితే చాలు, ఆమె రూటు ఆమెకు ఉంటుంది. పొద్దున పరుగెత్తినప్పటి దడ ఇంకా ఛాతీలో ఉంది. ఆ దడ అబద్ధం ఆడనివ్వలేదు.

"పెట్టను. ఈ ఇల్లు పాసవ్వదు. పిల్ల పెరుగుతున్నంతకాలం అవ్వదు. నువ్వు మాత్రం వెళ్ళు."

ఆమెకు అర్థంకాలేదు. పాసవ్వని ఇంట్లో పిల్లను వదిలి ఎలా వెళ్తానని అడిగింది. ఆయన నేలమీద ఆమె పక్కనే చతికిలబడ్డాడు.

"రోజూ పొద్దున నీ బస్సు బ్రేకులు చూస్తారు కదా. చూశాక, ఇంకేం ఫర్లేదని నువ్వు కళ్ళు మూసుకుని తోలుతావా?"

వారంరోజులు సెలవు పెడుతున్నాననీ, ఆ తర్వాత షిఫ్టులు సర్దుకుందామనీ ఆయన చెప్పాడు. మిగిలిన మాట అత్తగారే అంది. పిల్లకు పాలు పడుతూ, తల ఎత్తకుండా అంది.

"నువ్వు రోడ్డు చూసుకోవే. దీన్ని మేం చూసుకుంటాం. మమ్మల్ని మేం ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటాం."

డ్రైవరమ్మ లేచి బీరువా తెరిచి, యూనిఫారం తీసి కుర్చీకి తగిలించింది.

సోమవారం పొద్దున ఆమె వెళ్ళిపోయాక ఇల్లు కొంచెం పెద్దదైనట్టనిపించింది. ఎర్రచీటీ, అత్తగారు చాలా జాగ్రత్తగా, ఒకరినొకరు కనిపెడుతూ మసిలారు. ఆవిడ గుండీ ఊడితే ఆయన తీశాడు, ఆయన టీకప్పు బల్ల అంచున పెడితే ఆవిడ లోపలికి జరిపింది. బస్సు వచ్చే వేళకు ఇద్దరూ ముందుగది కిటికీ దగ్గర నిలబడ్డారు. కిటికీ అడుగు పెద్దవాళ్ళ మోకాళ్ళ ఎత్తున ఉంది. దాని కింద నేలమీద నాన్‌స్టాప్ తన కాలి బొటనవేలితో ఏదో చర్చలో ఉంది.

బస్సు వచ్చి ఎదురుగా స్టాపులో ఆగింది. డ్రైవరు సీట్లో ఆమె. వెన్ను నిటారుగా, చేతులు స్టీరింగు మీద, ఎంత బాగుందో చెప్పలేం. జనం ఎక్కుతున్నారు. ఆమె తల తిప్పి మేడవైపు చూసింది. అక్కడ ఆమెకు కనబడేవి రెండు తలలే. వీళ్ళు చేతులూపారు. ఆమె నవ్వింది కానీ కళ్ళు ఇంకొకరి కోసం కిందకి వెతుకుతున్నాయి. గోడ చాటున నేలమీద ఉన్న పిల్ల ఆమెకు ఎలా కనబడుతుంది. పిల్లను ఎత్తి చూపిద్దామని ఎర్రచీటీ వంగాడు.

వంగినవాడు అలాగే ఆగిపోయాడు. ఇంజను చప్పుడు విన్న నాన్‌స్టాప్ రెండు చేతులతో కొత్త ఊచలు పట్టుకుంది. పిర్ర పైకి లేచింది, కిందకి పడింది. మళ్ళీ లేచింది. మోకాళ్ళు వణికాయి. అత్తగారు పట్టుకోబోయి తన చేతినే తను పట్టుకుంది. పిల్ల మూతి బిగించి, ఊపిరి బిగించి, ఒక్క లాగు లాగి రెండు కాళ్ళమీద నిలబడింది. పుట్టిన తర్వాత మొదటిసారి.

ఎదురుగా బస్సులోంచి చూస్తున్న తల్లికి, కిటికీ అడుగునుంచి మెల్లగా ఒక మూడో తల పైకి లేవడం కనబడింది. ఆమె రెండు చేతులూ స్టీరింగు మీంచి తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత, స్టాపులో హారను కొట్టకూడదన్న రూలు తెలిసిన మనిషే, వీధి వీధంతా ఉలిక్కిపడేలా, ఆపకుండా హారను కొట్టింది. ఎక్కినవాళ్ళూ ఎక్కబోతున్నవాళ్ళూ ఆమె చూపు వెంట మేడవైపు చూసి, కారణం తెలియగానే వాళ్ళూ చేతులూపారు. ఆ గొడవంతా తనకేనని గ్రహించిన నాన్‌స్టాప్ ఊచలు పట్టుకుని మోకాళ్ళు ఆడిస్తూ నిలబడే గంతులేసింది.

బస్సు కదిలి మలుపు తిరిగేదాకా ఇద్దరూ ఏడుస్తూ నవ్వుతూ చూశారు. తర్వాత ఎర్రచీటీ కళ్ళు తుడుచుకుని గదివైపు తిరిగాడు. నిన్న కిందనుంచి తీసిన కత్తెర, దువ్వెన, అగ్గిపెట్టె, అన్నీ పిల్లకు అందవని చిన్నబల్ల మీద వరసగా పెట్టి ఉన్నాయి. ఒక చేత్తో ఊచ పట్టుకున్న నాన్‌స్టాప్ రెండో చెయ్యి ఆ బల్లవైపు చాస్తోంది. ఇంకొక్క జానెడు దూరం. అత్తగారు ఒక్క అంగలో వెళ్ళి బల్లను అవతలికి లాగేసింది.

ఆయన ఆవిణ్ణి చూశాడు, ఆవిడ ఆయన్ని చూసింది. భయమూ సంతోషమూ ఇద్దరి మొహాల్లోనూ ఒకేలా ఉన్నాయి.

"నిన్నటి ఎత్తు ఇక పనికిరాదండీ" అన్నాడు ఆయన.

అత్తగారు అప్పటికే కొంగు బిగిస్తోంది. ఇద్దరూ పిల్లకు చెరోవైపు మోకాళ్ళమీద నిలబడి, దాని తల పక్కన తలలు పెట్టి, గదిని మొదటినుంచి మళ్ళీ చూడటం మొదలుపెట్టారు.